సరాయేవో 1984: మంచులో ఆటలు చూసినవాళ్ళ కథ

ఈసారి ఎపిసోడ్‌ని ఒక కుర్చీతో మొదలుపెడదాం. రాజుగారి సింహాసనం కాదు, మ్యూజియంలో అద్దాల వెనక పెట్టిన కుర్చీ కాదు. ఆటలు చూడటానికి వచ్చిన జనం కూర్చునే మామూలు చెక్క కుర్చీ. అది ఉన్న హాలు పేరు జెట్రా. ఊరు సరాయేవో. ఇవాళ బోస్నియా దేశానికి రాజధాని, అప్పట్లో యుగోస్లావియాలో ఒక నగరం. 1984 ఫిబ్రవరిలో ఆ కుర్చీలో ఎవరో కూర్చున్నారు. పక్కన ఇంట్లోవాళ్ళు కూర్చున్నారు, ఒళ్ళో పిల్లలు ఉన్నారు. ఎదురుగా ఐస్ మీద స్కేటింగ్ జరుగుతోంది. ఆ తర్వాత పదేళ్ళు తిరక్కుండానే ఆ కుర్చీకి ఏ గతి పట్టిందో చెప్తాను. ముందు మాత్రం అందులో కూర్చున్నవాళ్ళ గురించి మాట్లాడుకోవాలి.

ఎందుకంటే, ఒలింపిక్స్ చరిత్ర ఏ పుస్తకంలో చూసినా గెలిచినవాళ్ళ పేర్లు ఉంటాయి, సెకన్లు ఉంటాయి, పతకాల పట్టికలు ఉంటాయి. చూసినవాళ్ళు ఉండరు. ఉన్నా ఒక అంకెగా ఉంటారు, ఇన్ని వేలమంది వచ్చారు అని. కానీ ఒక ఊరికి ఆటలు వచ్చి వెళ్ళాక మిగిలేది ఎవరు? ఆటగాళ్ళు విమానం ఎక్కి వెళ్ళిపోతారు. మిగిలేది చూసినవాళ్ళే. సరాయేవో కథని వాళ్ళ వైపు నుంచి చెప్పుకుంటే ఎలా ఉంటుందో చూద్దాం.

ముందు ఊరు ఎలా ఉంటుందో కళ్ళముందు పెట్టుకోండి. ఒక పెద్ద గిన్నె అనుకోండి. గిన్నె అడుగున ఊరు, మధ్యలోంచి మిల్యాత్స్‌కా అనే చిన్న నది. చుట్టూ కొండలు. ఊరి నెత్తి మీదే ట్రెబెవిచ్ కొండ. కొంచెం దూరంగా యహోరినా, ఇంకో వైపు ఇగ్మన్, దాని వెనక బ్యెలాష్నిత్సా. ఈ నాలుగు పేర్లూ గుర్తుపెట్టుకోండి, ఈ కథలో ఇవి రెండుసార్లు వస్తాయి. మొదటిసారి ఆటల కోసం. రెండోసారి ఎందుకో మీలో కొందరికి ఇప్పటికే తెలిసి ఉంటుంది.

1984కి ముందు సరాయేవో అంటే బయట ప్రపంచానికి ఒక్కటే గుర్తు. 1914 జూన్ 28న ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ని కాల్చి చంపిన ఊరు. మొదటి ప్రపంచ యుద్ధానికి నిప్పు రాజుకున్న చోటు. మనం కూడా స్కూల్లో అలాగే చదువుకున్నాం కదా. ఒక ఊరికి ప్రపంచంలో ఉన్న ఏకైక గుర్తింపు ఒక హత్య అయితే ఆ ఊరివాళ్ళకి ఎలా ఉంటుంది చెప్పండి?

అలాంటి ఊరికి 1978 మే నెలలో ఏథెన్స్‌లో జరిగిన ఓటింగ్‌లో వింటర్ ఒలింపిక్స్ దక్కాయి. పోటీలో ఉన్నది చిన్నాచితకా ఊళ్ళు కాదు. జపాన్ నుంచి సప్పోరో, అప్పటికే 1972లో ఒకసారి ఆటలు నడిపిన అనుభవం ఉన్న నగరం. స్వీడన్ నుంచి ఫాలున్, గోథెన్‌బర్గ్ కలిసి వచ్చాయి. చివరి ఓటింగ్‌లో సరాయేవోకి 39, సప్పోరోకి 36. మూడు ఓట్ల తేడా అంతే. ఒక సోషలిస్టు దేశంలో వింటర్ ఒలింపిక్స్ జరగటం అదే మొదటిసారి. యుగోస్లావియా అంటే నెహ్రూ, నాసర్‌లతో కలిసి అలీనోద్యమం నడిపిన టిటో దేశం. అటు అమెరికా కూటమి కాదు, ఇటు రష్యా కూటమి కాదు. 1980లో మాస్కో ఒలింపిక్స్‌ని అమెరికా బహిష్కరించింది. 1984 వేసవిలో లాస్ ఏంజెలెస్‌కి సోవియట్ కూటమి వెళ్ళలేదు. ఆ రెండు అలకల మధ్య, ఇద్దరూ వచ్చి ఆడింది సరాయేవోలో. 49 దేశాలు వచ్చాయి. వేడి దేశమైన సెనెగల్ నుంచి కూడా లమీన్ గయే అనే ఆటగాడు ఒక్కడే వచ్చి స్కీయింగ్‌లో పోటీ పడ్డాడు.

అయితే ఓటు గెలిచినప్పుడు అక్కడ ఏముంది? పెద్దగా ఏమీ లేదు. ఐస్ హాలు కట్టాలి, స్కీ జంప్ కట్టాలి, బాబ్‌స్లెడ్ ట్రాక్ వెయ్యాలి, కొండల మీదకి రోడ్లు వెయ్యాలి. బ్యెలాష్నిత్సా మీద ఇంకో చిక్కు. మగవాళ్ళ డౌన్‌హిల్ పోటీకి పైనుంచి కిందకి కనీసం 800 మీటర్ల ఎత్తు తేడా ఉండాలని నియమం. కొండ కొన్ని మీటర్లు తక్కువొచ్చింది. కొండని పెంచలేరు కదా! ఏం చేశారంటే, శిఖరం మీద ఒక రెస్టారెంటు భవనం కట్టి, ఆటగాళ్ళు అందులోంచి బయల్దేరేలా చేశారు. లెక్క సరిపోయింది.

ఖర్చుకి డబ్బు రకరకాల చోట్ల నుంచి వచ్చింది. అమెరికన్ టీవీ కంపెనీ ఏబీసీ ప్రసార హక్కులకే 9 కోట్ల 15 లక్షల డాలర్లు ఇచ్చింది. కానీ ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకునేది అది కాదు. ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళ జీతాల్లోంచి కొంత భాగం ఈ ఆటల కోసం పోయింది. అంటే ప్రేక్షకుడు టిక్కెట్టు కొనకముందే ఆ హాలు గోడల్లో తన ఇటుక ఒకటి పెట్టాడు అన్నమాట. తిరునాళ్ళకి ఊరంతా చందాలు వేసుకుంటే, ఆ రోజు రథం దగ్గర ప్రతివాడూ 'ఇది మాది' అంటాడు చూశారా, అదే సంగతి.

పిల్లల్ని ఆటల వైపు లాగింది మాత్రం ఒక తోడేలు. దాని పేరు వుచ్‌కో. స్లొవేనియా చిత్రకారుడు యోజె ట్రొబెత్స్ గీసిన బొమ్మ. ఏ బొమ్మని ఒలింపిక్ మస్కట్‌గా పెట్టుకోవాలో పత్రికల పాఠకులే ఓట్లేసి ఎంచుకున్నారు. ఆ కొండల్లో తోడేలంటే పాత కథల్లో భయపెట్టే జంతువు. దానికి నవ్వు మొహం పెట్టి, మెడలో మఫ్లర్ చుట్టి, కాస్త వెర్రిబాగుల తోడేలుగా మార్చేశారు. టీవీలో అది కిందా మీదా పడుతూ, 'సరాయేవోఓఓ' అని రాగం తీసి అరిచేది. ఆ గొంతు అక్కడి పేరున్న గాయకుడు జ్ద్రావ్‌కో చోలిచ్‌ది. ఆ ఏడాది పిల్లలందరి నోటా అదే అరుపు.

ఇక ఫిబ్రవరి వచ్చింది. అన్నీ ఉన్నాయి. మంచు లేదు! మనలో చాలామందికి మంచు కొండలంటే సినిమా పాటలో చూసిందే, అక్కడ మంచు లేకపోవటం కూడా ఒక సమస్యేనా అనిపిస్తుంది. వింటర్ ఒలింపిక్స్ నిర్వాహకులకి అంతకుమించిన పీడకల ఇంకొకటి ఉండదు. ఊరంతా ఆకాశం వైపు చూస్తూ కూర్చుంది. సరిగ్గా ఆటలు మొదలయ్యే వేళకి మంచు పడటం మొదలెట్టింది. పడి పడి, ఆగలేదు. ఈసారి ఎక్కువైపోయింది. కొండ మీద మంచు తుఫాను. ఫిబ్రవరి 9న జరగాల్సిన మగవాళ్ళ డౌన్‌హిల్ వాయిదా మీద వాయిదా పడి చివరికి 16న జరిగింది. అమెరికా కుర్రాడు బిల్ జాన్సన్ గెలిచాడు.

ఈ మధ్యలో ఊరు ఏం చేసిందో అది అసలు ముచ్చట. రోడ్లు మూసుకుపోయాయి. సైనికులు దిగారు. వాళ్ళతోపాటు ఊరి జనం కూడా పారలు పట్టుకుని రోడ్ల మీదకి వచ్చారు. మంచు తోడి వీధులు తెరిచారు. దూరం నుంచి వచ్చిన అతిథులకి హోటళ్ళు చాలకపోతే ఇళ్ళల్లో గదులిచ్చారు. సరాయేవోవాళ్ళని ఇవాళ అడిగినా, ఒలింపిక్స్ అంటే ముందు చెప్పేది పతకాల గురించి కాదు, ఆ మంచు తోడిన రోజుల గురించి.

ఇప్పుడు మనం ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. పేరు పెట్టొద్దు. నాన్న, అమ్మ, ఒక నానమ్మ, పదేళ్ళ పిల్ల. వీళ్ళు కొండ మీదకి ఆటలు చూడటానికి బయల్దేరారు. మంచు ఆటల్ని దగ్గరుండి చూడటం క్రికెట్ స్టేడియంలో కూర్చున్నట్టు ఉండదు. తెల్లవారకముందే లేవాలి. సాక్సు మీద సాక్సు, స్వెట్టరు మీద స్వెట్టరు. ఫ్లాస్కులో టీ, కాగితంలో చుట్టిన తిండి. బస్సులో కొంత, నడక కొంత. పైకి చేరాక గంటల తరబడి నిలబడాలి. కాళ్ళు తిమ్మిరెక్కకుండా అక్కడక్కడే గెంతుతూ ఉండాలి. అంత చేసి చూసేది ఎంతసేపు? స్కీయింగ్ చేసేవాడు పైనుంచి ఒక రంగు చుక్కలా కనిపిస్తాడు, మంచు చిమ్ముకుంటూ ముందు నుంచి దూసుకుపోతాడు, అయిపోయింది. రెండు మూడు సెకన్లు. ఎవడు ముందున్నాడో తెలియాలంటే బోర్డు మీద అంకెలు చూడాలి, లేదా మైకులో వినాలి.

ఇగ్మన్ మీద స్కీ జంప్ దగ్గర కొంచెం నయం. మనిషి పైనుంచి జారి గాల్లోకి లేచి, చేతులు ఒంటికి ఆనించుకుని పక్షిలా వచ్చి వాలటం మొత్తం కనిపిస్తుంది. పిల్లలకి అదే ఎక్కువ నచ్చుతుంది. ట్రెబెవిచ్ మీద బాబ్‌స్లెడ్ అయితే ముందు చప్పుడు వస్తుంది, కాంక్రీటు కాలవలో రైలు వస్తున్నట్టు, తర్వాత ఒక్క క్షణం ఏదో మెరిసి పోతుంది. మరి ఇంత చలిలో ఆ రెండు సెకన్ల కోసం ఇంటిల్లిపాదీ ఎందుకు వెళ్ళినట్టు? ఇంట్లో టీవీలో ఇంకా బాగా కనిపిస్తుంది కదా!

నాకు తోచిన జవాబు ఇది. పిల్లలు పెద్దయ్యాక వాళ్ళకి గుర్తుండేది ఆటగాడి సెకన్లు కాదు. నాన్న భుజాల మీద కూర్చున్నది, నానమ్మ కండువా తీసి చెవులకి చుట్టింది, పక్కన నిలబడిన ముక్కూమొహం తెలియని వాళ్ళు వేడివేడిగా ఏదో చేతిలో పెట్టింది. ఆ కొండ అప్పటిదాకా కిటికీలోంచి కనిపించే కొండ. ఆ రోజు నుంచి అది 'మనం వెళ్ళిన కొండ' అయిపోతుంది. ఊరు సొంతం కావటం అంటే అదే.

ఇక ఫిబ్రవరి 14కి వద్దాం. సరాయేవో చరిత్రలో ఇంత సంతోషంగా గడిచిన రోజు ఇంకొకటి వెతకటం కష్టం. అప్పటిదాకా యుగోస్లావియాకి వింటర్ ఒలింపిక్స్‌లో ఒక్క పతకం కూడా లేదు. ఏ ఏటా లేదు. ఆశలన్నీ బోయన్ క్రిజాయ్ అనే స్కీయర్ మీద ఉన్నాయి, ఆరంభోత్సవంలో ఆటగాళ్ళ తరఫున ప్రమాణం చేసింది కూడా ఆయనే. ఆయనకి పతకం రాలేదు. వచ్చింది యూరె ఫ్రాంకో అనే 21 ఏళ్ళ కుర్రాడికి. బ్యెలాష్నిత్సా మీద జెయింట్ స్లాలమ్. మొదటి రన్ అయ్యాక నాలుగో స్థానం. రెండో రన్‌లో అందరికంటే వేగంగా దిగాడు. స్విట్జర్లాండ్ ఆటగాడు మాక్స్ యూలెన్‌కి బంగారం, ఫ్రాంకోకి వెండి.

ఫ్రాంకో బోస్నియావాడు కాదు. స్లొవేనియావాడు, కాథలిక్కుల ప్రాంతం. సరాయేవోలో ముస్లింలు, సెర్బులు, క్రొయాట్లు, యూదులు అందరూ ఉన్నారు. ఆ సాయంత్రం వాళ్ళల్లో ఎవరూ అతను మనవాడా కాదా అని అడగలేదు. పతకాలిచ్చే స్కెండెరియా హాలు ముందు జనం కిక్కిరిసిపోయారు. వాళ్ళు పట్టుకున్న నినాదం ఒకటి ఇప్పటికీ ఆ ప్రాంతమంతా చెప్పుకుంటారు. 'వొలిమొ యూరెకా విషె ఒద్ బురెకా'. అర్థం ఏంటంటే, బురెక్ కంటే మాకు యూరెకే ఎక్కువ ఇష్టం అని. బురెక్ అంటే పల్చటి పిండి పొరల్లో మాంసం పెట్టి చుట్టి కాల్చే వంటకం, బోస్నియావాళ్ళకి ప్రాణం. హైదరాబాదువాడు ఒక ఆటగాణ్ణి చూసి 'బిర్యానీ కంటే నువ్వే ఎక్కువ' అన్నాడంటే ఎంత పెద్ద మాటో ఆలోచించండి!

అదే రోజు రాత్రి జెట్రా హాల్లో ఐస్ డాన్స్. ఎనిమిది వేల పైచిలుకు జనం. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ నుంచి వచ్చిన ఇద్దరు, జేన్ టోర్విల్, క్రిస్టఫర్ డీన్. ఆమె ఇన్సూరెన్స్ కంపెనీలో క్లర్కుగా చేసింది, అతను పోలీసు కానిస్టేబుల్‌గా చేశాడు. రవెల్ అనే ఫ్రెంచి సంగీతకారుడి 'బొలేరో'కి డాన్స్. వాళ్ళకో ఇబ్బంది ఉంది. సంగీతం 4 నిమిషాల 28 సెకన్లు. నియమం ప్రకారం ప్రదర్శన 4 నిమిషాల 10 సెకన్లు దాటకూడదు. కానీ గడియారం మొదలయ్యేది స్కేటు అంచు ఐస్‌కి తగిలినప్పుడు. అందుకని మోకాళ్ళ మీద కూర్చునే డాన్స్ మొదలుపెట్టారు. సంగీతం నెమ్మదిగా పెరిగి పెరిగి చివరికి ఇద్దరూ ఐస్ మీద వాలిపోయారు. కళాత్మకతకి తొమ్మిదిమంది జడ్జీలూ 6కి 6 ఇచ్చారు. హాలంతా లేచి నిలబడింది. మనం మొదట చెప్పుకున్న ఆ చెక్క కుర్చీలో కూర్చున్నవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు.

ఫిబ్రవరి 19న అదే హాల్లో ముగింపు. అతిథులు వెళ్ళిపోయారు. ఆటగాళ్ళ కోసం మోయ్‌మిలోలో, విలేకరుల కోసం దోబ్రిన్యాలో కట్టిన భవనాలు ఊరివాళ్ళకి అపార్టుమెంట్లు అయ్యాయి. కొత్తగా కాపురం పెట్టినవాళ్ళు అందులోకి మారారు. శనివారాలు పిల్లల్ని తీసుకుని యహోరినాకి, బ్యెలాష్నిత్సాకి స్కీయింగ్‌కి వెళ్ళటం అలవాటైంది. ఇక్కడితో కథ ఆపేస్తే ఎంత బాగుండు!

ఇప్పుడు ఒక చిన్న లెక్క. 1984లో నాన్న భుజాల మీద కూర్చున్న పిల్లకి పదేళ్ళు అనుకున్నాం. 1992కి ఆ పిల్లకి ఎన్నేళ్ళు? పద్దెనిమిది.

1992 ఏప్రిల్‌లో సరాయేవో ముట్టడి మొదలైంది. యుగోస్లావియా ముక్కలవుతోంది, బోస్నియా స్వతంత్ర దేశం అయింది, దాన్ని ఒప్పుకోని బోస్నియా సెర్బు సైన్యం ఊరి చుట్టూ కొండలెక్కింది. గిన్నె అడుగున ఊరు అన్నాను కదా. గిన్నె అంచు మీద ఇప్పుడు ఫిరంగులు. ట్రెబెవిచ్ మీద బాబ్‌స్లెడ్ ట్రాక్, అదే కాంక్రీటు కాలవ, ఫిరంగులకి కోటగోడలా పనికొచ్చింది. జనం కేరింతలు కొట్టిన చోటు నుంచి వాళ్ళ ఇళ్ళ మీదకే గుళ్ళు వచ్చిపడ్డాయి. విలేకరుల కోసం కట్టిన దోబ్రిన్యా యుద్ధరేఖ అయిపోయింది. ఊరికి బయటి ప్రపంచంతో ఉన్న దారి ఏంటంటే, 1993లో విమానాశ్రయం కింద నుంచి తవ్విన సుమారు 800 మీటర్ల సొరంగం. దాంట్లోంచి బయటపడి ఇగ్మన్ కొండ మీదుగా పోవాలి. ఒకప్పుడు స్కీ జంప్ చూడటానికి వెళ్ళిన దారి, ఇప్పుడు ప్రాణం చేతిలో పెట్టుకుని పిండి, మందులు మోసుకొచ్చే దారి.

మరి జెట్రా? 1992లోనే ఫిరంగి దెబ్బలకి కూలిపోయింది. హాలు కింద గదుల్ని శవాలు ఉంచటానికి వాడారు. పక్కనున్న ఆటస్థలం శ్మశానం అయింది, ఉన్న శ్మశానాలు చాలక. శవపేటికలకి చెక్క కావాలి. ముట్టడిలో ఉన్న ఊళ్ళో చెక్క ఎక్కడిది? చలికి పార్కుల్లో చెట్లు కొట్టేశారు, ఇంట్లో సామాన్లు కాల్చుకున్నారు. అప్పుడు జెట్రా హాల్లో జనం కూర్చున్న కుర్చీలు పీకి, ఆ చెక్కతో శవపేటికలు చేశారు.

ఇదండీ మనం మొదలుపెట్టిన కుర్చీ కథ. కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్ళని అదే చెక్కలో పడుకోబెట్టి పంపారు.

ఇక్కడ మనం మనల్ని మోసం చేసుకోకూడదు. కలిసి ఆటలు చూస్తే మనుషులు కలిసిపోతారు, క్రీడలు శాంతిని తెస్తాయి అని ఉపన్యాసాల్లో చెప్తుంటారు. సరాయేవో ఆ మాటకి సాక్ష్యం ఇవ్వదు. ముట్టడికి రాజకీయంగా నాయకత్వం వహించిన రాడోవన్ కరాజిచ్ బయట నుంచి ఊడిపడినవాడు కాదు. 1980ల్లో అదే ఊళ్ళో సైకియాట్రిస్ట్, జెట్రాకి దగ్గర్లోనే ఉన్న కొషెవో ఆసుపత్రిలో పనిచేశాడు. హేగ్‌లోని అంతర్జాతీయ యుద్ధ నేరాల ట్రైబ్యునల్ అతన్ని జాతి హత్యాకాండకి, ఇతర నేరాలకి దోషిగా తేల్చి 2016లో 40 ఏళ్ళ శిక్ష వేసింది, 2019లో దాన్ని జీవిత ఖైదుగా మార్చారు. కాబట్టి ఒకే ఊళ్ళో ఉన్నంత మాత్రాన, ఒకే మంచులో నిలబడినంత మాత్రాన ద్వేషం ఆగదు. ఆగలేదు.

మరైతే ఆ పన్నెండు రోజులు వృథాయేనా? దీనికి జవాబు కావాలంటే ఇంకో ఫిబ్రవరికి వెళ్ళాలి. 1994. సరిగ్గా పదేళ్ళు. నార్వేలోని లిల్లెహామర్‌లో వింటర్ ఒలింపిక్స్. ఆటల సమయంలో యుద్ధాలు ఆపాలని ఐక్యరాజ్యసమితి అంతకుముందు ఏడాదే తీర్మానం చేసింది. సరాయేవోలో ఎవరూ ఆపలేదు. ఫిబ్రవరి 5న మార్కలే బజారులో కూరగాయలు కొనుక్కుంటున్న జనం మీద ఫిరంగి గుండు పడి 68 మంది చనిపోయారు. వారం తర్వాత, ఫిబ్రవరి 12న లిల్లెహామర్‌లో ఆరంభోత్సవం. ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు సమరాంచ్ మాట్లాడుతూ సరాయేవో కోసం లేచి నిలబడి మౌనం పాటించమని ప్రేక్షకుల్ని కోరాడు. అక్కడికి వచ్చినవాళ్ళు కూడా కుటుంబాలే. పిల్లల్ని ఎత్తుకుని మంచులో వచ్చినవాళ్ళే. వాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఆటల మధ్యలో సమరాంచ్ స్వయంగా సరాయేవో వెళ్ళి కూలిపోయిన జెట్రాని చూసొచ్చాడు.

ఆ ఆటల్లోనే బోస్నియా మొదటిసారి సొంత జెండాతో వింటర్ ఒలింపిక్స్‌కి వచ్చింది. నలుగురు కూర్చునే బాబ్‌స్లెడ్ జట్టు ఒకటి ఉంది. అందులో ఇద్దరు బోస్నియా ముస్లింలు, ఒక క్రొయాట్, ఒక సెర్బు. వాళ్ళ ఊరి ట్రాక్ మీద అప్పటికి ఫిరంగులు ఉన్నాయి. పతకం సంగతి వదిలేయండి, ఆ నలుగురు ఒకే బండిలో కూర్చోవటమే ఆ ఏడాది పెద్ద వార్త. సరాయేవోలో 18 ఏళ్ళ వయసులో బంగారం గెలిచిన జర్మన్ స్కేటర్ కటారినా విట్ లిల్లెహామర్‌లో మళ్ళీ ఐస్ మీదకి వచ్చింది. యుద్ధానికి వ్యతిరేకంగా పీట్ సీగర్ రాసిన పాట మీద ప్రదర్శన చేసి, దాన్ని సరాయేవోకి అంకితం ఇచ్చింది. ఏడో స్థానం వచ్చింది. ఆమెని గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఆ స్థానాన్ని గుర్తుపెట్టుకోలేదు.

ముట్టడి 1996 ఫిబ్రవరి 29న ముగిసింది. మొత్తం 1,425 రోజులు.

ఇప్పుడు ఇంకోసారి కుర్చీల దగ్గరికి వద్దాం. 2012 ఏప్రిల్ 6, ముట్టడి మొదలై 20 ఏళ్ళు. సరాయేవో ప్రధాన వీధిలో ఎర్ర కుర్చీలు వేశారు. వరసలు వరసలుగా, కచేరీకి వేసినట్టు. మొత్తం 11,541 కుర్చీలు. ముట్టడిలో చనిపోయిన ఒక్కొక్కరికి ఒక్కో కుర్చీ. వాటిల్లో కొన్ని వందలు చిన్న కుర్చీలు, పిల్లలవి. ముందు వేదిక మీద గాయకులు నిజంగానే కచేరీ చేశారు, ఆ ఖాళీ కుర్చీల కోసం. బతికున్నవాళ్ళు పక్కన నిలబడి విన్నారు. చిన్న కుర్చీల మీద ఎవరెవరో బొమ్మలు, పూలు పెట్టి వెళ్ళారు. ఆ ఊరు చనిపోయినవాళ్ళని సమాధుల్లాగా గుర్తు చేసుకోలేదు చూశారా. ప్రేక్షకుల్లాగా గుర్తు చేసుకుంది. వాళ్ళకి రావాల్సిన చోటు వాళ్ళకి వేసిపెట్టింది.

జెట్రాని 1999లో ఒలింపిక్ కమిటీ సాయంతో మళ్ళీ కట్టారు. ఊరి నుంచి ట్రెబెవిచ్ మీదకి వెళ్ళే కేబుల్ కారు యుద్ధంలో నాశనమైతే 2018 ఏప్రిల్ 6న మళ్ళీ నడిచింది. బాబ్‌స్లెడ్ ట్రాక్ ఇప్పటికీ అడవిలో పడి ఉంది, రంగురంగుల బొమ్మలు గీసి ఉంటాయి దాని మీద. జనం పిల్లల్ని తీసుకుని దాని వెంట నడుస్తారు. ఇప్పుడు బ్యెలాష్నిత్సా దేశంలోని ఒక భాగం కింద, యహోరినా ఇంకో భాగం కింద ఉన్నాయి. మధ్యలో గోడ లేదు గానీ మనసుల్లో గీత ఉంది. అయినా 2019 ఫిబ్రవరిలో సరాయేవో, పక్కనున్న తూర్పు సరాయేవో, గీతకి అటూ ఇటూ ఉన్న రెండు పట్టణాలూ కలిసి యూరప్ కుర్రకారుకి వింటర్ ఒలింపిక్ పండగ నడిపాయి. పాత కొండల మీదే. 1984లో నాన్న భుజం మీద ఉన్న పిల్ల బతికి ఉంటే, అప్పటికి 45 ఏళ్ళు. తన పిల్లల్ని తీసుకుని అదే మంచులో వచ్చి నిలబడే వయసు.

ఇందాకటి ప్రశ్న, అదంతా వృథాయేనా అన్నది. ఆటలు యుద్ధాన్ని ఆపలేదు. కానీ ఆ కొండ ఫిరంగి కొండ మాత్రమే కాదని చెప్పగలిగే సాక్షులు కొన్ని వేలమంది మిగిలారు. వాళ్ళు అక్కడ నిలబడి చూశారు కాబట్టి. యుద్ధం తర్వాత పుట్టిన పిల్లలకి ఆ కొండని ఫిరంగితో పరిచయం చెయ్యాలా, వుచ్‌కోతో పరిచయం చెయ్యాలా అన్నప్పుడు, వాళ్ళ చేతిలో రెండో కథ కూడా ఉంది. ఇవాళ సరాయేవో వెళ్తే దుకాణాల నిండా ఆ వెర్రిబాగుల తోడేలు బొమ్మలే. అమ్మేవాళ్ళకి అది వ్యాపారమే, కాదనను. కొనిపెట్టే అమ్మానాన్నలకి మాత్రం అంతకంటే ఎక్కువ.

మన తెలుగువాళ్ళు ఇవాళ అమెరికాలో, కెనడాలో, యూరప్‌లో మంచు పడే ఊళ్ళల్లో వేలమంది ఉన్నారు. పిల్లల స్కూల్లో అందరూ వెళ్తున్నారని ఏదో స్కీ పోటీకో, ఐస్ హాకీకో తీసుకెళ్ళి, చలికి వణుకుతూ, ఎందుకొచ్చాంరా బాబూ అనుకునేవాళ్ళు మీలో ఉండే ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు సరాయేవోని ఒకసారి తలుచుకోండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఫ్లాస్కులో టీ పంచుకుంటూ, పక్కవాళ్ళతో ఒక మాట కలపండి. ఆ కుర్చీలో కూర్చోగలగటం అంత చిన్న సంగతేం కాదు.